ఒక్క మ్యాచ్ కూడా ఓడని ఇటలీ ఎందుకు వెనకబడింది?

ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు పంపిన క్రీడా ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయానికి సంబంధించినవి కావడం విశేషం. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం ఐరోపా ఖండంలో జరిగిన అర్హత పోటీల్లో గ్రూపు ‘సి’ గురించి కావలి నుంచి చీమకుర్తి దాకా పలువురు అడిగారు. ఒక ప్రశ్నకు జవాబు చెబితేనే తర్వాతి దానికి దారి ఏర్పడుతుంది కనుక, వాటినన్నిటినీ ఒక వరుసలో ఇస్తున్నాము.

ప్రశ్న: 2021 జులైలో యూరో కప్ గెలిచిన ఇటలీ, ప్రపంచకప్ అర్హత గ్రూపులో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదని చదివాను. అయినా 2022లో ఖతర్‌లో ఆ జట్టు ఆడలేదు. ఓటమే లేని జట్టు ఎలా బయటికి పోతుంది? ఇది అన్యాయం కాదా?
(ఇంటర్మీడియట్ విద్యార్థి, కావలి)

జవాబు: మీరు చదివింది నిజమే. ఇటలీ ఆ గ్రూపులో ఎనిమిది మ్యాచ్‌లు ఆడి నాలుగు గెలిచింది, నాలుగు డ్రా చేసుకుంది, ఒక్కటీ ఓడలేదు. అయితే అదే గ్రూపులో స్విట్జర్లాండ్ కూడా ఒక్కటీ ఓడలేదు. ఆ జట్టు ఐదు గెలిచి మూడు డ్రా చేసుకుంది. గెలుపునకు మూడు పాయింట్లు, డ్రాకు ఒకటి చొప్పున లెక్క వేస్తే స్విట్జర్లాండ్‌కు 18, ఇటలీకి 16 వచ్చాయి. ఉత్తర ఐర్లాండ్ 9, బల్గేరియా 8, లిథువేనియా 3 పాయింట్లతో తర్వాతి స్థానాల్లో నిలిచాయి.

ఐరోపాలోని 55 జట్లను పది గ్రూపులుగా విడదీసి, ప్రతి జట్టూ తన గ్రూపులోని ప్రతి ప్రత్యర్థితో సొంతగడ్డపై ఒకసారి, వారి దేశంలో ఒకసారి ఆడేలా ఆ పోటీలను ఏర్పాటు చేశారు. ఐరోపాకు కేటాయించిన 13 స్థానాల్లో పది ఈ గ్రూపుల విజేతలకు నేరుగా దక్కాయి. మిగిలిన మూడింటి కోసం రెండో స్థానంలో నిలిచిన పది జట్లు, నేషన్స్ లీగ్ అనే వేరే టోర్నీ నుంచి వచ్చిన రెండు జట్లు ప్లేఆఫ్ మ్యాచ్‌లు ఆడవలసి వచ్చింది. కనుక గ్రూపులో రెండో స్థానం అంటే బయటికి పోయినట్టు కాదు, మరో రెండు నాకౌట్ మ్యాచ్‌లు గెలిస్తే తప్ప లోపలికి రానట్టు.

ఇటలీకి ఈ పరిస్థితి ఎలా వచ్చిందో తేదీల వారీగా చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. 2021 మార్చిలో ఆ జట్టు ఉత్తర ఐర్లాండ్, బల్గేరియా, లిథువేనియాలను వరసగా 2–0 తేడాతో ఓడించింది. జులైలో యూరో కప్ గెలిచింది. సెప్టెంబర్ 2న ఫ్లోరెన్స్‌లో బల్గేరియాతో 1–1గా డ్రా చేసుకుంది. మూడు రోజులకే బాసెల్‌లో స్విట్జర్లాండ్‌తో ఆట 0–0గా ముగిసింది. అందులో జోర్జిన్యో కొట్టిన పెనాల్టీని స్విస్ గోల్‌కీపర్ యాన్ సోమర్ ఆపాడు. ఆ తర్వాత లిథువేనియాపై 5–0తో గెలిచినా, నవంబర్ 12న రోమ్‌లో స్విట్జర్లాండ్ మళ్ళీ 1–1తో నిలువరించింది. ఆ రాత్రి ఆట ముగియడానికి కాస్త ముందు, 90వ నిమిషంలో, మళ్ళీ జోర్జిన్యోకే పెనాల్టీ అవకాశం వచ్చింది. బంతి గోల్‌పోస్టు పైనుంచి వెళ్ళిపోయింది.

ఆ రెండు పెనాల్టీల్లో ఏ ఒక్కటి గోల్ అయి, తక్కినవన్నీ జరిగినట్టే జరిగి ఉంటే, ఇటలీ 18 పాయింట్లతో మొదటి స్థానంలో, స్విట్జర్లాండ్ 17తో రెండో స్థానంలో నిలిచేవి. నేరుగా పోటీపడుతున్న జట్టును ఓడిస్తే మనకు రెండు పాయింట్లు పెరగడమే కాదు, వారి ఖాతాలోంచి ఒకటి తగ్గుతుంది. అందుకే చాలామంది నింద మొత్తం ఆ ఒక్క ఆటగాడి మీద వేశారు. నేను దానితో ఏకీభవించలేను. యూరో కప్ తర్వాత బల్గేరియా, స్విట్జర్లాండ్, మళ్ళీ స్విట్జర్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లతో ఆడిన నాలుగు మ్యాచ్‌ల్లో ఇటలీ మొత్తం కలిపి చేసినవి రెండే గోల్స్. ఎనిమిది మ్యాచ్‌ల్లో రెండు గోల్స్ మాత్రమే ఇచ్చిన రక్షణ శ్రేణిలో లోపం లేదు. ముందు వరుసలో గోల్ కొట్టేవారు కరువయ్యారు. ఓడకుండా ఉండటానికి రక్షణ చాలు, గెలవడానికి గోల్స్ కావాలి, అర్హత గ్రూపు అడిగేది ఆ రెండోదాన్నే.

ఇక అన్యాయం అన్న మాట. గెలుపునకు మూడు పాయింట్లు ఇవ్వడం వల్లనే డ్రాలు ఎక్కువ చేసుకున్న జట్టు నష్టపోయిందని కొందరు వాదించారు. కానీ గెలుపునకు రెండే పాయింట్లు ఇచ్చే పాత పద్ధతిలో లెక్కించినా స్విట్జర్లాండ్‌కు 13, ఇటలీకి 12 వస్తాయి. ఏ కొలమానంతో కొలిచినా ఆ ఎనిమిది మ్యాచ్‌ల్లో స్విట్జర్లాండే మేలైన జట్టు. కోచ్ పెత్కోవిచ్ వెళ్ళిపోగా 2021 ఆగస్టులో బాధ్యత తీసుకున్న మురాత్ యాకిన్ చేతిలో ఆ జట్టు నిలకడగా ఆడింది. ఇటలీ ఎందుకు రాలేదని అడిగేవారే గాని స్విట్జర్లాండ్ ఎలా వచ్చిందని అడిగేవారు కనబడకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

అదృష్టం పాత్ర ఎక్కువగా ఉండేది ప్లేఆఫ్‌లో. 2022 మార్చి 24న పలెర్మోలో ఇటలీ ఎంత ఒత్తిడి తెచ్చినా గోల్ చేయలేకపోగా, 92వ నిమిషంలో ఉత్తర మాసిడోనియా ఆటగాడు అలెక్సాందర్ త్రాయ్‌కోవ్‌స్కీ దూరం నుంచి కొట్టిన ఒక్క షాట్‌తో 0–1తో ఓడిపోయింది. అతడు అంతకుముందు కొన్నేళ్ళు అదే పలెర్మో క్లబ్బుకు ఆడినవాడు. స్వీడన్ చేతిలో ప్లేఆఫ్ ఓడి 2018 ప్రపంచకప్‌కు దూరమైన ఇటలీ, ఇలా వరసగా రెండోసారి దూరమైంది. ఆ ఓటమికి కారణం వెదకాలంటే పలెర్మోలో కాదు, ఆ జట్టును పలెర్మో దాకా తీసుకువచ్చిన నాలుగు డ్రాలలో వెదకాలి.

ప్రశ్న: ఆ గ్రూపు చివరి రోజున ఇటలీ మ్యాచ్, స్విట్జర్లాండ్ మ్యాచ్ ఒకే సమయానికి, అదీ మనకు అర్ధరాత్రి దాటాక మొదలయ్యాయి. ఒకటి ముగిశాక ఒకటి పెడితే రెండూ చూసేవాళ్ళం కదా?
(ప్రభుత్వోద్యోగి, ఒంగోలు)

జవాబు: మీరు మేలుకొని చూసినందుకు సంతోషం. 2021 నవంబర్ 15 రాత్రి ఐరోపా మధ్య ప్రాంతపు కాలమానం ప్రకారం 8.45 గంటలకు రెండు మ్యాచ్‌లూ ప్రారంభమయ్యాయి. మనకు అది 16వ తేదీ తెల్లవారుజామున 1.15. వేసవిలో అక్కడి గడియారాలను గంట ముందుకు జరుపుతారు కనుక అదే 8.45 ఆట మనకు 12.15కే మొదలవుతుంది. శీతకాలపు మ్యాచ్‌లు చూసే మన ప్రేక్షకులకు నిద్ర మరో గంట తగ్గడానికి కారణం ఇదే.

ఒకే సమయంలో ఆడించడం వెనుక 1982 ప్రపంచకప్‌లో స్పెయిన్‌లోని హిహోన్ నగరంలో జరిగిన ఒక సంఘటన ఉంది. ఆ గ్రూపులో అల్జీరియా తన చివరి మ్యాచ్‌ను జూన్ 24నే ఆడి చిలీని 3–2తో ఓడించింది. మరుసటి రోజు పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా తలపడ్డాయి. జర్మనీ ఒకటి లేదా రెండు గోల్స్ తేడాతో గెలిస్తే ఆ రెండు జట్లూ ముందుకు పోతాయని, అల్జీరియా ఇంటికి పోతుందని మైదానంలో అడుగుపెట్టేసరికే ఇరువురికీ తెలుసు. పదో నిమిషంలో జర్మనీ గోల్ చేసింది. ఆపైన మిగిలిన సమయమంతా ఎవరూ గోల్ కోసం గట్టిగా ప్రయత్నించకుండా బంతిని అటూ ఇటూ అందించుకుంటూ గడిపారు. తొలి మ్యాచ్‌లో పశ్చిమ జర్మనీనే 2–1తో ఓడించిన అల్జీరియా ఆ విధంగా బయటికి పోయింది. నాకు తెలిసిన ఫుట్‌బాల్ చరిత్రలో అంత సిగ్గుచేటైన ఆట మరొకటి లేదు. తర్వాతి ప్రపంచకప్ నుంచి గ్రూపు చివరి మ్యాచ్‌లను ఒకే వేళకు పెడుతున్నారు. అర్హత పోటీల్లోనూ అదే పద్ధతి వచ్చింది.

గ్రూపు ‘సి’ చివరి రాత్రి ఆ నియమం విలువ బాగా తెలిసింది. ఆట మొదలయ్యే సమయానికి ఇటలీ, స్విట్జర్లాండ్ రెండూ 15 పాయింట్లతో సమానం. గోల్స్ తేడాలో, అంటే చేసిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసివేస్తే, ఇటలీకి 11, స్విట్జర్లాండ్‌కు 9. అంటే ఇద్దరూ గెలిస్తే ఎవరు ఎన్ని గోల్స్‌తో గెలిచారన్నదే తేలుస్తుంది. లూసెర్న్‌లో బల్గేరియాపై తొలి అర్ధభాగంలో గోల్ రాలేదు. విరామం తర్వాత ఒకాఫోర్, వర్గాస్, ఇట్టెన్, చివర్లో ఫ్రాయిలర్ గోల్స్ చేయగా స్విట్జర్లాండ్ 4–0తో గెలిచింది. అదే సమయంలో బెల్‌ఫాస్ట్‌లో ఉత్తర ఐర్లాండ్‌తో ఆడుతున్న ఇటలీ 0–0 దగ్గరే ఆగిపోయింది. అక్కడ గోల్ పడిందన్న వార్త ఇక్కడి ఆటగాళ్ళను ఎలా తొందరపెడుతుందో చూడటం ఇలాంటి రాత్రుల్లోనే సాధ్యం. కనుక ఒక మ్యాచ్ చూడలేకపోయామన్న నష్టాన్ని సంతోషంగా భరించవచ్చు.

ప్రశ్న: ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగం కదా, దానికి వేరే జట్టు ఎందుకు? అర్హతకు అవకాశమే లేని ఆ జట్టు చివరి మ్యాచ్‌లో ఇటలీని అంత గట్టిగా ఎందుకు అడ్డుకుంది?
(ఉపాధ్యాయిని, ఆత్మకూరు)

జవాబు: ఫుట్‌బాల్ నియమాలు రూపుదిద్దుకున్నది బ్రిటన్‌లోనే. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఐర్లాండ్ సంఘాలు అంతర్జాతీయ సమాఖ్య ‘ఫిఫా’ కంటే ముందే పుట్టాయి. ఇప్పుడు ఉత్తర ఐర్లాండ్ జట్టును నడిపే ఐరిష్ సంఘం బెల్‌ఫాస్ట్ కేంద్రంగా 1880లో ఏర్పడగా, ఫిఫా స్థాపన 1904లో జరిగింది. ముందునుంచీ వేర్వేరుగా ఆడుతున్న ఆ నాలుగు సంఘాలకు ఫిఫాలో వేర్వేరు సభ్యత్వం కొనసాగింది.

మీ రెండో ప్రశ్న నాకు ఎంతో ఇష్టమైనది. ఉత్తర ఐర్లాండ్ జనాభా 2021 లెక్కల ప్రకారం సుమారు 19 లక్షలు. 2011 జనగణన నాటికి మన నెల్లూరు జిల్లా జనాభా 29 లక్షలు దాటింది. పోల్చి చూసుకుంటే ఆ జట్టు ఎంత చిన్న సమూహం నుంచి వస్తున్నదో అర్థమవుతుంది. అటువంటి జట్టు ఆ గ్రూపులో సొంతగడ్డపై ఆడిన నాలుగు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. బల్గేరియాతో 0–0, స్విట్జర్లాండ్‌తో 0–0, లిథువేనియాపై 1–0, ఇటలీతో 0–0. వారు ఇచ్చిన ఏడు గోల్స్ బయటి దేశాల్లో ఇచ్చినవే. బెల్‌ఫాస్ట్‌లోని విండ్సర్ పార్క్ మైదానంలో ఇటలీపై చివరి నిమిషాల్లో కానర్ వాషింగ్టన్ గోల్‌కీపర్ దొన్నరుమ్మాను దాటి వెళ్ళి కొట్టిన బంతిని బొనూచ్చి గోల్ గీత దగ్గర అడ్డుకోకపోతే, ఇటలీ ఓటమి లేని జట్టుగా కూడా మిగిలేది కాదు.

ఆ మైదానంలో ఇటలీకి అది మొదటి చేదు అనుభవం కాదు. 1958 ప్రపంచకప్ అర్హత కోసం 1957 డిసెంబర్‌లో అక్కడ మ్యాచ్ పెట్టారు. హంగేరీకి చెందిన రెఫరీ పొగమంచు వల్ల లండన్‌లో చిక్కుకుపోయాడు. స్థానిక రెఫరీకి ఇటలీ ఒప్పుకోకపోవడంతో దాన్ని స్నేహపూర్వక మ్యాచ్‌గా ఆడించారు. 2–2గా ముగిసిన ఆ ఆట స్నేహానికి దూరంగా, గొడవలతో గడిచింది. తర్వాత 1958 జనవరి 15న అసలు మ్యాచ్ జరిగింది. డ్రా అయినా చాలనుకున్న ఇటలీ 1–2తో ఓడి ప్రపంచకప్‌కు దూరమైంది. ఉత్తర ఐర్లాండ్ స్వీడన్‌కు వెళ్ళి క్వార్టర్ ఫైనల్ దాకా ఆడింది. అంత చరిత్ర ఉన్న మైదానంలో ప్రేక్షకుల ముందు ఆడేవారికి పట్టికలో తమ స్థానం ఏదైనా, ఆ రాత్రి మ్యాచ్ చిన్నది కాదు. గ్రూపు పద్ధతి నిజాయతీ నిలిచేది కూడా ఇటువంటి జట్ల వల్లనే. తమకు లాభం లేదని వారు చేతులు దించేస్తే పైనున్న జట్ల లెక్కలన్నీ తప్పుతాయి.

ప్రశ్న: పాయింట్లు సమానమైతే గోల్స్ తేడా చూస్తారంటారు, కొన్ని పోటీల్లో పరస్పర మ్యాచ్‌లు చూస్తారంటారు. ఏది సరైనది?
(వ్యాపారి, కందుకూరు)

జవాబు: రెండూ ఉన్నాయి. ప్రపంచకప్ అర్హత పోటీల్లో మొదట గ్రూపులోని అన్ని మ్యాచ్‌ల గోల్స్ తేడా, తర్వాత చేసిన గోల్స్ మొత్తం, ఆ తర్వాతే సమానంగా నిలిచిన జట్లు తమలో తాము ఆడిన ఫలితాలు చూస్తారు. యూరో కప్ అర్హత పోటీల్లో మాత్రం పరస్పర మ్యాచ్‌ల ఫలితానికే మొదటి స్థానం.

దీని ప్రభావం ఎంతో గ్రూపు ‘సి’లోనే చూడవచ్చు. ఫ్లోరెన్స్‌లో బల్గేరియాపై ఇటలీ 2–1తో గెలిచి, తక్కినవన్నీ అలాగే జరిగి ఉన్నాయనుకుందాం. అప్పుడు రెండు జట్లకూ 18 పాయింట్లు. ఇటలీ 14 గోల్స్ చేసి 2 ఇచ్చింది కనుక తేడా 12, స్విట్జర్లాండ్ 15 చేసి 2 ఇచ్చింది కనుక తేడా 13. అయినా స్విట్జర్లాండే మొదటి స్థానం. లూసెర్న్‌లో ఆట ముగిసే వేళ ఫ్రాయిలర్ చేసిన నాలుగో గోల్ ఒక్కటి లేకపోతే అన్ని అంకెలూ సమానమయ్యేవి. గెలుపు ఖాయమైన తర్వాత కూడా జట్లు ఎందుకు మరో గోల్ కోసం పరుగెత్తుతాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

2026 ప్రపంచకప్ అర్హత పోటీల్లో ఇటలీ మళ్ళీ ఈ నియమం ముందే నిలబడింది. చివరి మ్యాచ్‌కు ముందు నార్వేకు 21 పాయింట్లు, ఇటలీకి 18. కానీ నార్వే మోల్డోవాపై ఒకే మ్యాచ్‌లో 11–1తో గెలిచి గోల్స్ తేడాను ఎంతో పెంచుకుంది. దాన్ని దాటాలంటే ఇటలీ చివరి మ్యాచ్‌లో నార్వేను తొమ్మిది గోల్స్ తేడాతో ఓడించాలి. తొలి మ్యాచ్‌లో 0–3తో ఓడినందున, పరస్పర ఫలితమే ముందు చూసే నియమం ఉండి ఉంటే నాలుగు గోల్స్ తేడా సరిపోయేది. చివరికి మిలాన్‌లో నార్వేనే 4–1తో గెలిచి, ఎనిమిదికి ఎనిమిదీ నెగ్గి, 1998 తర్వాత తొలిసారి ప్రపంచకప్‌కు చేరింది.

ఏది సరైనదని నన్ను అడిగితే, పరస్పర ఫలితాన్నే ముందు చూడాలంటాను. బలహీనమైన జట్టును ఎంత దారుణంగా ఓడించారన్నది, పోటీదారును ఓడించారా లేదా అన్నదాని కంటే పెద్ద విషయం కాకూడదు.

ప్రశ్న: భారత్ ఐరోపా గ్రూపులో ఆడటానికి వీలుందా?
(పాఠకుడు, కోవూరు)

జవాబు: లేదు. ప్రతి దేశపు సంఘమూ తన ఖండ సమాఖ్య పోటీల్లోనే ఆడాలి, మనది ఆసియా సమాఖ్య. కజకిస్థాన్, ఇజ్రాయెల్ ఐరోపాలో ఆడుతున్నాయంటే, ఆసియా సమాఖ్య నుంచి మొదటిది తానే వైదొలగి, రెండోది బహిష్కరణకు గురై, తర్వాత ఐరోపా సమాఖ్యలో సభ్యత్వం పొందినందువల్ల. 2026 అర్హత పోటీల రెండో దశలో మనకు ఖతర్, కువైట్, అఫ్గానిస్థాన్‌లతో కూడిన గ్రూపు వచ్చింది. గువాహటిలో అఫ్గానిస్థాన్ చేతిలో 1–2తో ఓడిన మ్యాచే మనల్ని ఎక్కువగా దెబ్బతీసింది. సొంతగడ్డపై గెలవవలసిన ఆటలు గెలవకపోతే ఏ ఖండంలోనైనా ఫలితం అదే.

ప్రశ్న: మా మండలంలో ఐదు ఉన్నత పాఠశాలల ఫుట్‌బాల్ జట్లున్నాయి. ఏటా నాకౌట్ పెడుతున్నాము. మొదటి రోజే ఓడిన పిల్లలు అదే బస్సులో తిరిగి వెళ్ళిపోతున్నారు. మీరు చెప్పే గ్రూపు పద్ధతిని మేమూ పెట్టుకోగలమా?
(వ్యాయామ ఉపాధ్యాయుడు, చీమకుర్తి)

జవాబు: తప్పక పెట్టుకోగలరు. గ్రూపు ‘సి’లో ఉన్నదీ ఐదు జట్లే. అక్కడిలా రెండేసి సార్లు ఆడితే 20 మ్యాచ్‌లు అవుతాయి, పాఠశాలలకు అది భారం. ఒక్కొక్కసారి చాలు. పది మ్యాచ్‌లు, రోజుకు రెండు చొప్పున ఐదు రోజులు, ప్రతి రోజూ ఒక జట్టుకు విశ్రాంతి. ప్రతి జట్టుకూ నాలుగు మ్యాచ్‌లు దక్కుతాయి.

జట్లకు ఒకటి నుంచి ఐదు వరకు చీటీ తీసి సంఖ్యలు ఇవ్వండి. మొదటి శనివారం రెండు–ఐదు, మూడు–నాలుగు ఆడతాయి, ఒకటో జట్టుకు విశ్రాంతి. రెండో శనివారం ఒకటి–మూడు, నాలుగు–ఐదు. మూడో శనివారం రెండు–నాలుగు, ఒకటి–ఐదు. నాలుగోసారి మూడు–ఐదు, ఒకటి–రెండు. చివరిసారి ఒకటి–నాలుగు, రెండు–మూడు. ఈ వరుసలో ఏ జోడీ రెండుసార్లు రాదు, ఏదీ తప్పిపోదు.

చివరి రోజు రెండు మ్యాచ్‌లనూ ఒకే గంటకు, వీలైతే రెండు పాఠశాలల మైదానాల్లో మొదలుపెట్టండి. హిహోన్‌లో జరిగింది పిల్లల పోటీల్లో జరగదని అనుకోవద్దు, పెద్దలు పక్కన నిలబడి లెక్కలు చెబుతుంటారు. గెలుపునకు మూడు, డ్రాకు ఒకటి చాలు. పాయింట్లు సమానమైతే ఆ రెండు జట్ల మధ్య జరిగిన మ్యాచ్ ఫలితాన్ని ముందు చూడండి. గోల్స్ తేడాను ముందు పెడితే, కొత్తగా బంతి పట్టిన పాఠశాలపై పది గోల్స్ కొట్టమని మిగిలిన నలుగురినీ మీరే పురమాయించినట్టవుతుంది. ఈ నియమాలను మొదటి మ్యాచ్‌కు ముందే కాగితం మీద రాసి ఐదుగురు ప్రధానోపాధ్యాయుల సంతకాలు తీసుకోండి. చివరి రోజు విశ్రాంతి వచ్చే ఐదో సంఖ్య జట్టు తన నాలుగు మ్యాచ్‌లూ ముందే ముగించి ఇతరుల ఫలితాల కోసం ఎదురుచూడవలసి ఉంటుంది కనుక, ఆ సంఖ్య ఎవరికి వచ్చిందో చీటీ తీసే రోజునే పిల్లలందరి ఎదుట చెప్పండి.